అర్జీ నుంచి ఓటీపీ దాకా

హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు 1906ను తప్పక చెప్తారు. ఆ ఏడు మాదరి భాగయ్య, అంటే తర్వాతి భాగ్యరెడ్డి వర్మ, జగన్మిత్ర మండలి పెట్టాడు. అప్పటికి ఆయనకు 18 ఏళ్ళు. ఈ వయసు సంగతిని మనం పెద్దగా పట్టించుకోలేదు. మండలి హరికథలు చెప్పించింది. 1910లో మూసీకి అవతల ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు తెరిచింది. బడి పిల్లలకు, కథ పెద్దలకు. కథ వినడానికి అక్షరం రావాల్సిన పని లేదు. నడిపింది కుర్రవాడే అయినా ముసలోళ్ళు సభ బయట మిగిలిపోలేదు.

ఇప్పుడు మూసీకి ఇవతల, పాతబస్తీకి వద్దాం. 2020 అక్టోబరులో ఫలక్‌నుమా, హఫీజ్‌బాబానగర్ వైపు ఇళ్ళు మునిగాయి. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయలంది. మొదట సిబ్బంది బస్తీకొచ్చి చేతికిచ్చారు. నవంబరులో మీసేవకు పొమ్మన్నారు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు కావాలి. నగరమంతా బారులు. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించింది. డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలు. ఓటు వేయడానికి ముసలామె తనే పోవచ్చు. సాయం అడగడానికి మాత్రం ఫోనున్న మనవడు కావాల్సొచ్చింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు దేశంలో నూటికి 33 మంది, మగవాళ్ళు 57 మంది. ఇది 15–49 ఏళ్ళవాళ్ళ లెక్క. యాభై దాటిన ఆడమనిషి ఈ లెక్కలో లేనే లేదు!

పిల్లలు సాయం చేస్తున్నారు కదా అంటారు. చేస్తున్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనొక్కణ్ణే. గల్లీ ఓటీపీలన్నీ నా దగ్గరికే వస్తయి. కానీ భాగ్యరెడ్డి వర్మ తరం కుర్రాళ్ళు పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. మేం పెద్దలకు బదులు మిషన్‌తో మాట్లాడుతున్నం. అడిగే హక్కు వాళ్ళది, అడిగే నోరు మాది. ఇంట్లో చదివినోడు లేకపోతే ఆ నోరు నెట్ దుకాణంవాడిది, దానికి ఫీజు.

మిషన్ తప్పు చెప్తే ఏం చెయ్యాలె? తెలంగాణలో 2016 నుంచి లక్షల రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కతో రద్దయ్యాయి. పాతబస్తీ కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కితే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటింటికీ పోయి మళ్ళీ చూడమంది. మనిషి మనిషిని అడగాలన్నమాట.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అర్జీలు కాగితం మీదే తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. ముసలోళ్ళు తమ కాళ్ళ మీద వచ్చి, తమ వేలిముద్ర తామే వేశారు. తర్వాత ఆ కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నా అర్జీ ఏమైంది బిడ్డా అని అడిగినవాళ్ళకు మళ్ళీ ఫోనే దిక్కయింది.