అటక మీది చెకుముకి తుపాకీ

ఆస్తి పంపకాల్లో ఇత్తడి గంగాళాలని తూకం వేస్తారు, బంగారాన్ని గీటు పెట్టి చూస్తారు. మరి తుపాకీని? మా అత్తగారి పుట్టింట్లో ఈమధ్య ఈ చిక్కే వచ్చింది. అటక మీద నా గడ్డం దాకా వచ్చే తుపాకీ ఒకటి దొరికింది. పాత ఇనుముకి వేసేద్దామని ఒకరు, లక్షలొస్తాయని ఇంకొకరు. అన్నదమ్ముల మధ్య మాటలు పెరిగాయి. ఈలోగా పిన్నత్తగారు చింతపండు పట్టుకొచ్చి తోమబోతుంటే నేను గట్టిగా ఆపాల్సొచ్చింది. పాత తుపాకీ విలువ మెరుపులో ఉండదండీ, దాని మీది గుర్తుల్లో ఉంటుంది. తోమితే ముందు పోయేవి అవే.

ఇంకో జాగ్రత్త. మందూ గుండూ దట్టించి అలాగే వదిలేసినవి కూడా ఉంటాయి. గొట్టంలోకి తొంగి చూడకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తెలిసినవాళ్ళు సన్నటి కర్ర లోపలికి దింపి, తీసి బయట కొలుస్తారు. నిప్పు అందుకునే చిన్న బెజ్జం దాకా కర్ర వెళ్ళలేదంటే లోపల ఏదో ఉన్నట్టే.

ఇక గుర్తులు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలకిచ్చిన చెకుముకి తుపాకీకి గొట్టం పొడవు 39 అంగుళాలు, రంధ్రం ముప్పాతిక అంగుళం. చెకుముకి బిగించే ఇనప రేకు మీద గుండె ఆకారం ముద్ర, దాని నెత్తిన 4 అంకె, లోపల వి, ఇ, ఐ, సి అక్షరాలు ఉంటే అది కంపెనీదని లెక్క. (ఆ ‘వి’ని ‘యు’ అని చదువుకోవాలి, యునైటెడ్ అన్నమాట.) 1808 ప్రాంతంలో గుండె పోయి కిరీటం పట్టుకున్న సింహం వచ్చింది. కిరీటం కింద జి.ఆర్. అని ఉంటే ఇంగ్లండు రాజుగారి సైన్యానిది. తమాషా ఏమిటంటే, ఫ్రాన్సుతో యుద్ధంలో తుపాకులు చాలక 1790ల్లో ఆ రాజుగారే కంపెనీ నమూనాని తీసుకున్నారు. చవగ్గా, త్వరగా తయారయ్యేది మరి!

మాదాని మీద సగం గుండె కనబడుతోంది. ఉత్తరాదిన కంపెనీ సిపాయిలకి ‘తిలంగాలు’ అనే పేరుండేది. మద్రాసు నుంచి బెంగాలుకి వెళ్ళిన తొలి పటాలాల్లో తెలుగువాళ్ళు ఉండబట్టి వచ్చిన పేరది. నాలుగున్నర కిలోల ఈ బరువు మోసిన మనవాళ్ళ పేర్లు ఏ రేకు మీదా ఉండవు. చేసిన ఇంగ్లీషువాడి పేరు మాత్రం ఉంటుంది.

ధరంటారా, గుర్తులు చదవగలిగేలా ఉండి, భాగాలన్నీ మొదటివే అయితే ఎక్కువ. తర్వాతి రోజుల్లో చెకుముకి తీసేసి వేరే పద్ధతికి మార్చినవి మామూలుగా తక్కువకి పోతాయి. ముద్రలతో సహా కొత్తగా చేసిన నకళ్ళు మనదేశంలోనే బోలెడు. లండన్ వేలం ధరలు చూసి మురిసిపోకండి. వందేళ్ళు దాటిన పురావస్తువుని మనం విదేశాలకి పంపకూడదని 1972 చట్టం. మరమ్మతు చేసినా పేలనిదైతేనే 1959 ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు. అది తేల్చాల్సింది మనం కాదు కాబట్టి ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి, వాటాల మాట ఆ తర్వాత.