కబురు మోసిన మబ్బు

సెలవు పూట మన రూముల్లో వినపడే పాత పాటల్లో ‘మేఘసందేశం’ పాటలు తప్పక ఉంటాయి. 1982 నాటి సినిమా. సంగీతం చేసిన రమేష్ నాయుడుకూ, పాడిన ఏసుదాసుకూ, సుశీలమ్మకూ జాతీయ అవార్డులొచ్చాయి. అందులో ఆషాఢ మేఘాన్ని పిలిచే పాట వేటూరి రాశారు. పాట అందరికీ వచ్చు గానీ, దాని వెనకున్న కథ మన మధ్య పెద్దగా చెప్పుకోం.

అది కాళిదాసు సంస్కృతంలో రాసిన కథ. సుమారు 1500 ఏళ్ల నాటిది. యక్షుడు కుబేరుడి కొలువులో పనివాడు. పనిలో ఏమరుపాటుగా ఉన్నాడని యజమాని ఏడాది పాటు ఇంటికి దూరం చేశాడు. వచ్చి రామగిరి మీద పడ్డాడు. అది నాగపూర్ దగ్గరి రాంటెక్ అని చాలామంది పండితులంటారు. కాదు, మా రామగిరి ఖిల్లాయే అని పెద్దపల్లి వాళ్లంటారు. (మనలో పెద్దపల్లి వాళ్లు ఉన్నారు కాబట్టి ఆ పంచాయితీ ఇక్కడ పెట్టం.) ఎనిమిది నెలలు గడిచాయి, నాలుగు మిగిలాయి. దిగులుతో చిక్కిపోయి చేతి కడియం జారిపోయింది. ఆషాఢంలో కొండకు ఆనుకున్న మబ్బును చూసి, ఇంటిదానికి కబురు చెప్పమని బతిమాలుతాడు. దారి చెప్పే తీరు చూడాలి! ఏ నదిలో నీళ్లు తాగాలి, ఎక్కడ ఆగాలి, చుట్టు తిరుగుడైనా ఉజ్జయిని చూసి పోవాలి... ఊరెళ్లే వాడి చేతికి సామాను ఇచ్చి, బస్సు దిగింది మొదలు మన గడప దాకా గుర్తులు చెప్పడం మనం ఎరిగిందే.

1941లో జాషువా ‘గబ్బిలం’ రాశారు. మబ్బు బదులు గబ్బిలం, భార్య బదులు శివుడు. కబురు పంపేది గుడిలోకి రానివ్వని పేదవాడు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు కదా! యక్షుడికి ఏడాదితో శిక్ష తీరుతుంది, ఇతనికి గడువే లేదు. కాళిదాసుకు ఇంతకన్నా గట్టి జవాబు తెలుగులో రాలేదని మా అభిప్రాయం.

వేటూరి ఆ మబ్బును మళ్లీ ప్రేమ వైపు తిప్పారు. కథ తెలియకపోయినా పాట బాగుంటుంది. తెలిశాక మాత్రం ఆషాఢం అన్న మాట దగ్గర మనసు ఆగుతుంది. మన ఊళ్లలో కొత్త జంటను విడిగా ఉంచే నెల కూడా అదే. ఇక్కడ ఎమిరేట్స్‌లోనేమో జూన్ 15 నుంచి మధ్యాహ్నం ఎండలో పని ఆపిస్తారు. మబ్బు కోసం చూసినా కనపడదు.

యక్షుడి కబురు ఇంటికి చేరిందో లేదో కాళిదాసు చెప్పలేదు. కుబేరుడు విని, జాలిపడి, శాపం తీసేశాడని కొన్ని ప్రతుల్లో ఉంది. ఆ శ్లోకాలు తర్వాత ఎవరో చేర్చినవంటారు. ఎవరో గానీ, ఇల్లు వదిలి పనికి పోయినవాడే అయ్యుంటాడు.