అండమాన్ నికోబార్ దీవుల్లో మగవారి వేషధారణ

బంగాళాఖాతంలోని ఈ దీవుల్లో మగవాళ్ళు కట్టుకున్నవి, కుట్టించుకున్నవి, బలవంతాన తొడిగించుకున్నవి అన్నీ ఈ చరిత్రలోకి వస్తాయి. మగవారి క్లాసిక్ శైలి గురించి రాసేవాళ్ళు సాధారణంగా లండన్ సావిల్ రో దర్జీల దగ్గర, ఉన్ని సూటు దగ్గర మొదలుపెడతారు. ఆ కొలబద్ద ఇక్కడ పనికిరాదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోటు ఇది. నైరుతి రుతుపవనాలూ ఈశాన్య రుతుపవనాలూ రెండూ తడుపుతాయి. ఉన్ని కోటు బీరువాలో ఉండగానే బూజు పడుతుంది, తోలు బూట్లకు పచ్చటి మచ్చలు తేలతాయి. ఇక్కడ కాలక్రమంలో కుదిరిన తీరు వేరు: వదులైన నూలు చొక్కా, లుంగీ లేదా పంచె లేదా పల్చటి ప్యాంటు, కాళ్ళకు చెప్పులు. ఈ తీరు వాతావరణం ఒక్కదాని వల్లే వచ్చిందనుకుంటే సగమే చెప్పినట్టు. తన బట్ట తానే ఎంచుకునే హక్కు ఇక్కడ ఎవరికి, ఎప్పుడు దక్కిందన్నది మిగతా సగం.

ఆదివాసులు

అండమాన్ ఆదివాసులకు నేత లేదు. ఒంటికి పూసుకునే మట్టే వారి అలంకారం. తెల్ల సుద్దమట్టితో, కొవ్వులో కలిపిన ఎర్రమట్టితో ముఖానికీ ఒంటికీ గీతలు దిద్దుకునేవారు. 1906–08లో ఇక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ పూతలను సందర్భాల వారీగా నమోదు చేశాడు. వేటకు, విందుకు, చావుకు పూత మారేది. వారిలో జారవా తెగ మగవాళ్ళు చెట్టు బెరడుతో చేసిన వెడల్పాటి పట్టాను ఛాతీకి కట్టుకునేవారు. అది కవచంగానూ పనికొచ్చేది, వస్తువులు దోపుకోవడానికి జేబులాగానూ పనికొచ్చేది. 1974 తర్వాత ప్రభుత్వ బృందాలు వారిని కలవడానికి వెళ్ళినప్పుడు ఇచ్చిన కానుకల్లో ఎర్రగుడ్డ పీలికలు ఉండేవి. వాటిని వాళ్ళు తలకు చుట్టుకున్నారు. చొక్కాలు, నిక్కర్లు పంచిపెట్టడం మాత్రం మేలు చేయలేదు. ఉతుకు లేని తడిబట్ట ఒంటి మీదే ఆరితే చర్మరోగాలు వస్తాయి. బట్ట కట్టించడాన్నే నాగరికత అనుకున్న వాళ్ళకు ఇది ఆలస్యంగా తెలిసింది.

నికోబార్: తోక కథ, టోపీల మోజు

1647 ప్రాంతంలో ఒక డచ్చి ఓడలో వచ్చిన స్వీడన్ నావికుడు షోపింగ్, నికోబార్ మనుషులకు పిల్లులకు ఉన్నట్టు తోకలున్నాయని రాశాడు. యూరప్‌లో పండితులు సైతం ఆ మాటను చాలాకాలం నమ్మారు. 1778లో ఆస్ట్రియా ఓడతో వచ్చిన వైద్యుడు ఫోంటానా అసలు విషయం బయటపెట్టాడు. నికోబారీలు గోచిగా కట్టుకునే సన్నటి గుడ్డ పీలిక కొన వెనుక వేలాడేది. తోక అంటే అదే. ఓడ మీంచి చూసి రాసినదాన్ని గట్టు దిగి చూసినవాడు సరిచేశాడు.

ఆ గోచి కట్టిన నికోబారీలకే యూరప్ వేషం మీద గొప్ప మోజు. ఓడల రాకపోకలు పెరిగాక, కొబ్బరికాయలకు బదులుగా పాత కోట్లు, పొడవాటి నల్ల టోపీలు అడిగి తీసుకునేవారు. ఊరి పెద్దలు ఓడ కెప్టెన్ల పేర్లనే తమ పేర్లుగా పెట్టుకుని, ఓడ వస్తుందంటే గోచి మీద కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని ఎదురెళ్ళేవారు. 1869లో కామోర్టాలో స్థావరం పెట్టిన ఆంగ్లేయులు కూడా ఆ పెద్దలకు దుస్తులు, జెండా, పత్రం ఇచ్చి హోదా కల్పించారు. ఆనాటి యాత్రికులు దీన్ని చూసి నవ్వుకున్నారు గాని, ఎవరి ముందు ఏది వేసుకోవాలో ఆ పెద్దలకు బాగా తెలుసు. కోటు బేరానికి, గోచి ఇంటికి. వాతావరణం దృష్ట్యా ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఆ కాలంలో ఆంగ్లేయ అధికారులకు కూడా తోచలేదు.

కార్ నికోబార్‌లో చొక్కా, నిక్కరు, లుంగీ నిత్యవేషం కావడం క్రైస్తవం వ్యాపించిన తర్వాతి మాట. ఆ మార్పుకు ముందున్న మనిషి జాన్ రిచర్డ్‌సన్. బడిపంతులుగా మొదలై బిషప్ అయ్యాడు, 1952లో ఈ దీవుల తరఫున పార్లమెంటుకు నామినేట్ అయ్యాడు.

ఖైదీ గుడ్డ

1858 మార్చిలో డాక్టర్ జె. పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. వారిలో ఎక్కువమంది 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవారు. అప్పటి నుంచి దాదాపు ఎనభై ఏళ్ళు ఇక్కడి మగవారి దుస్తుల్లో ఎక్కువ భాగం సర్కారు లెక్కలో కొలిచి ఇచ్చినవే. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైల్లో ఖైదీకి దక్కినవి పొట్టి చేతుల కుర్తా, మోకాలు దాటని చడ్డీ, తెల్ల టోపీ. ఆ జైల్లో శిక్ష అనుభవించిన విప్లవకారులు బరీంద్రకుమార్ ఘోష్, సావర్కర్ తమ జ్ఞాపకాల్లో ఈ వేషాన్ని వర్ణించారు. పట్నంలో కోటూ ధోవతీ కట్టి తిరిగిన చదువరికి ఆ చడ్డీ వేయించడంలోనే సగం శిక్ష ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన నగ మెడలో బిళ్ళ. ఇనుప తీగకు వేలాడే చిన్న పలక అది. దాని మీద ఖైదీ నంబరు, శిక్ష వేసిన సెక్షను, తేదీ, విడుదల తేదీ చెక్కి ఉండేవి. ప్రమాదకారి అనుకున్నవాడికి డి అక్షరం అదనం. 1911లో వచ్చిన సావర్కర్ బిళ్ళ మీద విడుదల సంవత్సరం 1960 అని ఉండేది. రెండు జన్మఖైదులు కలిపి యాభై ఏళ్ళు. తిండికి కూర్చున్నా, గానుగ తిప్పినా ఆ అంకె ఛాతీకి తగులుతూనే ఉంటుంది. కులం గుర్తులకూ జైల్లో చోటు లేదు. జంధ్యం తీసేయమన్నందుకు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలిన రామ్‌రఖా పేరు ఇందుకే నిలిచింది.

పై మెట్టు కూడా బట్టతోనే తెలిసేది. ఖైదీల్లోంచే ఎన్నిక చేసిన కాపలా పెద్దలైన జమాదార్లకు, టిండాల్‌లకు పటకా, హోదా బిళ్ళ ఉండేవి. పదేళ్ళకు పైగా మంచి నడవడి చూపినవాడికి సొంతంగా బతికే అనుమతి దొరికితే గ్రామంలో ఇల్లు కట్టుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, తన బట్ట తాను కొనుక్కోవచ్చు. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో బట్టల బేరం పెరగడానికి వీళ్ళూ ఒక కారణం. సర్కారు చడ్డీ విప్పి సొంత డబ్బుతో కొన్న ధోవతి కట్టిన రోజున ఆ మనిషి మళ్ళీ మనిషి అయ్యాడనడం అతిశయోక్తి కాదు.

తెలుగువారు ఈ కథలో ముందు నుంచీ ఉన్నారు. 1879–80 నాటి రంప తిరుగుబాటు ఖైదీలు, తర్వాత 1922–24 అల్లూరి సీతారామరాజు పోరాటంలో పట్టుబడ్డవారు ఇక్కడికి వచ్చారు. వారిలో బోనంగి పండు పడాలు శిక్ష తీరాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి 1930లలో సెల్యులార్ జైలుకు వచ్చాడు. అప్పటి రాజకీయ ఖైదీలు పుస్తకాలు, దీపం, పడక, సబ్బు వంటి కనీస వసతుల కోసం 1933లో నిరాహారదీక్ష చేశారు, ముగ్గురు చనిపోయారు. 1938 నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి పంపేశారు.

యుద్ధకాలం

1942 మార్చి 23న జపాన్ సేన దీవులను ఆక్రమించింది. 1945 దాకా బయటి నుంచి ఓడలు సరిగా రాలేదు, తిండితోపాటు గుడ్డకూ కరువే. 1943 డిసెంబరు 29న సుభాస్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు, మరునాడు జెండా ఎగరేశాడు. కాంగ్రెసులో ఉన్నప్పుడు తెల్ల ధోవతీ కుర్తాలో కనిపించిన మనిషి ఇక్కడ ఖాకీ యూనిఫారం, పడవ టోపీ, మోకాళ్ళ దాకా బూట్లతో వచ్చాడు. నేతాజీ అనగానే జనం మనసులో మెదిలే రూపం ఇప్పటికీ ఆ రెండోదే.

ఓడ దిగిన బట్టలు

యుద్ధానికి ముందూ వెనుకా వచ్చిన వలసలే ఇవాళ్టి వేషాలను తెచ్చాయి. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు మాప్పిళ్ళలు ముండు అనే పంచెతో వచ్చారు. 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు మాయాబందర్ దగ్గర వెబీ గ్రామం కట్టుకుని, సొంత మగ్గం మీద నేసిన అంగీలు వాడుకున్నారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు ధోవతీ, బనీన్లతో, 1969 నుంచి గ్రేట్ నికోబార్‌కు మాజీ సైనికులు తలపాగాలతో చేరారు. ఇన్ని రకాల వాళ్ళు ఒకే బజారులో తిరిగినా, ఇంటికెళ్ళాక చాలామంది ఒంటి మీద మిగిలేది గళ్ళ లుంగీయే. చీరాల, మద్రాసు చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డలు సముద్రాలు దాటి ఆఫ్రికా దాకా అమ్ముడుపోయిన చరిత్ర ఉంది. ఉతుకుకు ఆగుతాయి, మరక కనబడనివ్వవు, త్వరగా ఆరతాయి. వానాకాలం ఏడెనిమిది నెలలుండే చోట ఇంతకన్నా ఏం కావాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చుట్టూ స్థిరపడ్డారు. సముద్రం మీదకు వెళ్ళే మనిషి వేషంలో అలంకారం ఏమీ ఉండదు: ఎగ్గట్టిన లుంగీ లేదా నిక్కరు, బనీను, తలకు తువ్వాలు. తువ్వాలు ఎండకు అడ్డు, చెమటకు గుడ్డ, బరువెత్తేటప్పుడు చుట్టకుదురు.

పండక్కి, పెళ్ళికి మాత్రం తెల్ల పంచె బయటికి వస్తుంది. శ్రీకాకుళం జిల్లావాళ్ళకు తెల్ల పంచె అంటే పొందూరు ఖాదీ పక్క ఊరి సరుకు. పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని సన్నటి పళ్ళతో దువ్వితే పత్తిలో నలుసులు పోయి పోగులు ఒకే వరసకు వస్తాయి, అందుకే నూరో నంబరు నూలు కూడా చేత్తో తీయగలుగుతున్నారు. గాంధీ ఈ నేత విషయం విని కొడుకు దేవదాసును పరిశీలనకు పంపాడు. సినిమా నటుడు అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచెనే తన గుర్తుగా చేసుకున్నాడు. ఏ సభలో చూసినా అదే తెలుపు, అదే మడత. సొంత శైలి అంటే రకాలు పెంచుకోవడమని అనుకునేవాళ్ళు ఆయన ఫొటోలు ఒక్కసారి వరసగా చూడాలి.

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండున్నర రోజులు. విమానాలు విరివిగా రాకముందు కొత్త బట్టలు ఓడ తేదీని బట్టే వచ్చేవి. అందుకే ఇక్కడ బట్టలు తక్కువ కొని ఎక్కువకాలం వాడటం అలవాటైంది. 1960ల తర్వాత టెర్లిన్, టెరికాటన్ చొక్కాలు వచ్చినప్పుడు వాటికి గిరాకీ పెరిగిందంటే ఆశ్చర్యం లేదు, ఇస్త్రీ అక్కరలేదు, గంటలో ఆరతాయి. అయినా ఆ ఉక్కలో ఒంటికి అతుక్కుపోతాయి కనుక ఆఫీసు వేషంగా పొట్టి చేతుల నూలు చొక్కా చోటు అవి పూర్తిగా లాక్కోలేకపోయాయి. ప్యాంటు బయటికి వదిలే ఈ చొక్కాకు అడుగు అంచు తిన్నగా ఉంటేనే అందం, లోపలికి దోపుకోవడానికి వంపుగా కత్తిరించిన చొక్కాను బయటికి వదిలితే వేలాడినట్టుంటుంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నికోబార్‌కు దేశం నలుమూలల నుంచీ పాత బట్టల మూటలు వచ్చాయి. వాటిలో ఆ ఉక్కకు ఏమాత్రం పనికిరానివీ ఉన్నాయి. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, కట్టుకునేవాడి ఊరు ఎలాంటిదో వాళ్ళకు తెలియదు.

తడి నేలలో పంచె దాచడానికీ ఒక పద్ధతి ఉంది. గంజి పెట్టిన గుడ్డను పెట్టెలో మడిచిపెడితే నల్లటి బూజు చుక్కలు పట్టి, ఎంత ఉతికినా పోవు. కాబట్టి పండగ మర్నాడే గంజి పోయేదాకా జాడించి, ఎండ కాసిన రోజు చూసి బాగా ఆరబెట్టి, మళ్ళీ కట్టేటప్పుడే గంజి పెడతారు. రేకుపెట్టెలో కర్పూరం బిళ్ళలో, నాఫ్తలీన్ గోళీలో వేస్తారు. బీరువా ఉన్నవాళ్ళలో కొందరు లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు.