కండరాల బెణుకు

కండరాల బెణుకు అనగా కండరంలోని తంతువులు తమ శక్తికి మించి సాగి, కొంతమేరకు గాని పూర్తిగా గాని చిట్లిపోవడం. వైద్య పరిభాషలో దీనిని స్ట్రెయిన్ అంటారు. పరుగు, లాంగ్ జంప్, కబడ్డీ, ఖోఖో, క్రికెట్ వంటి ఆటలలోను, బరువులెత్తే వ్యాయామంలోను ఇది తరచుగా కలుగుతుంది. తొడ వెనుక కండరాలు, తొడ ముందు కండరాలు, గజ్జ, పిక్క, నడుము ఎక్కువగా దీనికి గురయ్యే భాగాలు. చాలా బెణుకులు శస్త్రచికిత్స లేకుండానే మానుతాయి. అయితే మొదటి రెండు మూడు రోజులలో చేసే పొరపాట్లు, పూర్తిగా మానకముందే మరల పరుగెత్తడం వలన చిన్న గాయం నెలల తరబడి బాధించే గాయంగా మారుతుంది.

వాడుక పేర్లు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఈ గాయాన్ని నరం పట్టింది, నరం గుంజింది, బెణికింది అని చెప్పుకుంటారు. నిజానికి ఇక్కడ దెబ్బ తగిలేది నరానికి కాదు, కండరానికి లేదా కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి స్నాయువుకు. నరం పక్కకు జరిగిందనే నమ్మకంతో దానిని సరిచేయించడానికి గట్టిగా నలిపించుకోవడం, లాగించుకోవడం ఆచారంలో ఉన్నది. ఈ పేరే తప్పు చికిత్సకు దారి చూపుతున్నది.

దీనిని పోలిన మరి మూడు స్థితులు ఉన్నాయి.

కీలు బెణుకు: మడమ, మోకాలు వంటి కీళ్ళ వద్ద రెండు ఎముకలను కలిపే బంధనం సాగడం లేదా తెగడం. దీనిని స్ప్రెయిన్ అంటారు.

కండరం పట్టేయడం: కండరం తనంతట తానే బిగుసుకొని, కొద్ది నిమిషాలలో వదిలివేయడం. ఇందులో తంతువులు చిట్లవు.

వ్యాయామపు నొప్పులు: అలవాటు లేని వ్యాయామం చేసిన మరునాడు మొదలై, రెండు మూడు రోజులు ఉండే నొప్పులు. ఇవి సాధారణంగా రెండు కాళ్ళలోను సమానంగా ఉంటాయి, వాటంతట అవే తగ్గుతాయి. బెణుకు నొప్పి అలా కాక, ఒక్క క్షణంలో ఒక్క చోట మొదలవుతుంది.

ఏర్పడే విధానం

కండరం కుదించుకుంటూనే సాగవలసి వచ్చినపుడు దానిపై అత్యధిక భారం పడుతుంది. వేగంగా పరుగెత్తేవాని కాలు ముందుకు విసరబడి నేలను తాకబోయే క్షణంలో తొడ వెనుక కండరాలు సాగుతూనే ఆ కాలికి కళ్ళెం వేస్తాయి. ఆ సమయంలోనే అవి చిట్లుతాయి. కండరం, స్నాయువు కలిసే చోటు అన్నిటికన్నా బలహీనమైనది. రెండు కీళ్ళను దాటి పోయే కండరాలు, అనగా తుంటిని, మోకాలిని రెంటినీ కదిలించే తొడ కండరాలు, మోకాలిని, మడమను కదిలించే పిక్క కండరం ఎక్కువగా గాయపడడానికి కారణం ఇదే.

గతంలో అదే చోట బెణుకు కలిగి ఉండడం అన్నిటికన్నా పెద్ద ప్రమాద సూచిక. వయసు పెరగడం, అలసట, కండర బలం తక్కువగా ఉండడం, శరీరాన్ని వేడి చేయకుండా వేగం అందుకోవడం, సాధనను ఒక్కసారిగా పెంచడం ఇతర కారణాలు.

ఉత్తర తెలంగాణలో

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో పలు జిల్లాలయ్యాయి. ఈ ప్రాంతపు పట్టణాల మైదానాలలోను, గ్రామాల పాఠశాల ఆవరణలలోను క్రీడాకారులతో పాటు ఉద్యోగ నియామక పరీక్షలకు సిద్ధమయ్యే యువతీ యువకులు పెద్ద సంఖ్యలో సాధన చేస్తారు. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 ప్రకటనలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తవలెనని నిర్ణయించారు. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా ఉన్నాయి. పరుగులో నెగ్గనివారు ముందుకు పోలేరు. కాబట్టి పరీక్షకు ముందు కలిగే ఒక్క బెణుకు ఏళ్ళ తరబడి చదివిన చదువును వ్యర్థం చేయగలదు.

ఆ నియామకపు దేహదారుఢ్య పరీక్షలు 2022 డిసెంబరులో మొదలై 2023 జనవరి వరకు జరిగాయి. ఇది ఆదిలాబాద్ ప్రాంతంలో చలి తీవ్రంగా ఉండే కాలం. తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పడిపోతుంది. చల్లబడిన కండరం వెచ్చని కండరం కన్నా తక్కువ సాగుడుకే చిట్లుతుంది. ఇందుకు భిన్నంగా ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్‌లలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కద్దు. అపుడు చెమట వలన నీరు, లవణాలు తగ్గి కండరాలు త్వరగా అలసిపోతాయి, వడదెబ్బ ప్రమాదం తోడవుతుంది.

లక్షణాలు, తీవ్రత

పరుగులో ఉండగా వెనుక నుండి ఎవరో కొట్టినట్లు అకస్మాత్తుగా నొప్పి కలగడం, కొందరికి టప్పుమన్న అనుభూతి, వాపు, నొక్కితే నొప్పి, ఒకటి రెండు రోజుల తరువాత చర్మం కమిలి నల్లబడడం ముఖ్య లక్షణాలు. తీవ్రతను బట్టి మూడు స్థాయిలుగా విభజిస్తారు.

మొదటి స్థాయి: కొద్ది తంతువులు మాత్రమే చిట్లుతాయి. నొప్పి ఉన్నా నడవవచ్చు. సాధారణంగా 1 నుండి 3 వారాలలో మానుతుంది.

రెండవ స్థాయి: చాలా తంతువులు చిట్లుతాయి. బలం తగ్గుతుంది, కుంటుతూ నడుస్తారు. మానడానికి 3 నుండి 8 వారాలు పట్టవచ్చు.

మూడవ స్థాయి: కండరం లేదా స్నాయువు పూర్తిగా తెగిపోతుంది. తెగిన చోట గుంట చేతికి తగలవచ్చు. నెలల కాలం పడుతుంది. కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతుంది.

వైద్యుడు చేతితో పరీక్షించి చాలావరకు నిర్ధారణ చేయగలడు. ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయి కాని కండరపు చీలిక కనబడదు. కాబట్టి ఎక్స్‌రే బాగున్నదంటే గాయం లేదని అర్థం కాదు. అవసరమైనపుడు అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ పరీక్షలు చేస్తారు.

ప్రథమ చికిత్స

నొప్పి కలిగిన వెంటనే ఆట ఆపివేయాలి. గాయపడిన భాగానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, క్రేప్ బ్యాండేజీని మరీ బిగువు కాకుండా చుట్టి, కాలిని దిండుపై ఎత్తి ఉంచాలి. మంచుగడ్డను గుడ్డలో చుట్టి 10 నుండి 20 నిమిషాల చొప్పున రోజుకు కొన్ని మార్లు ఉంచితే నొప్పి తగ్గుతుంది. మంచును నేరుగా చర్మంపై ఉంచరాదు.

విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అనే ఈ నాలుగు సూత్రాలను అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో రైస్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. మంచు, పూర్తి విశ్రాంతి మానుదలను ఆలస్యం చేయవచ్చునని తరువాతి కాలంలో ఆయనే పేర్కొన్నాడు. నేటి అభిప్రాయం ప్రకారం మంచు నొప్పిని తగ్గించడానికే గాని గాయాన్ని త్వరగా మాన్పడానికి కాదు.

నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను వైద్యుని సలహాపై వాడాలి. ఎండలో నీరు తగ్గిన శరీరంతో వీటిని వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

చేయకూడనివి

మొదటి రెండు మూడు రోజులు గాయంపై గట్టి మర్దన, వేడి కాపడం, బలవంతంగా సాగదీయడం పనికిరాదు. ఇవి లోపలి రక్తస్రావాన్ని పెంచుతాయి. తొడలో రక్తం గడ్డకట్టిన చోట పదే పదే నలిపితే కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉన్నది.

నొప్పి తెలియకుండా మాత్రలు గాని ఇంజెక్షన్ గాని తీసుకొని పరుగు పరీక్షకు పోవడం అత్యంత ప్రమాదకరం. నొప్పి శరీరం చేసే హెచ్చరిక. అది తెలియనపుడు మొదటి స్థాయి గాయం రెండవ, మూడవ స్థాయికి చేరవచ్చు.

పునరావాసం

పూర్తి విశ్రాంతి ఎక్కువ రోజులు సాగితే కండరం బలహీనపడుతుంది. 2017లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో తొడ, పిక్క కండరాలు గాయపడిన 50 మంది ఔత్సాహిక క్రీడాకారులను పరిశీలించారు. గాయమైన 2 రోజులకే వ్యాయామ చికిత్స మొదలుపెట్టినవారు, 9 రోజులకు మొదలుపెట్టినవారి కన్నా సుమారు 3 వారాలు ముందుగా ఆటకు తిరిగి వచ్చారు.

చికిత్స క్రమంగా సాగాలి. మొదట నొప్పి కలగనంత మేరకు కదలికలు, ఆ తరువాత కాలు కదలకుండా కండరాన్ని బిగించే వ్యాయామం, పిదప బరువుతో వ్యాయామం, నడక, నెమ్మది పరుగు, చివరకు పూర్తి వేగం. ఒక మెట్టులో నొప్పి కలిగితే వెనుకటి మెట్టుకు రావాలి. నొక్కితే నొప్పి లేకపోవడం, రెండు కాళ్ళ బలం సమానం కావడం, పూర్తి వేగంతో పరుగెత్తినా నొప్పి కలగకపోవడం అనే మూడూ కుదిరిన తరువాతనే పోటీకి దిగాలి. నడకలో నొప్పి పోవడం గాయం మానిందనడానికి గుర్తు కాదు.

ఒక ఉదాహరణ

కాకినాడకు చెందిన క్రికెటర్ హనుమ విహారికి 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు చివరి రోజున పరుగు తీస్తుండగా తొడ వెనుక కండరం గాయపడింది. ఆయన ఆ గాయంతోనే 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి ఆటను డ్రాగా ముగించాడు. అయితే ఆ గాయం వలన తరువాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. అంతర్జాతీయ క్రీడాకారునికి జట్టు వైద్య సిబ్బంది తోడుగా ఉంటారు, ఆ సదుపాయం లేక ఒంటరిగా సాధన చేసేవారు మరింత జాగ్రత్త వహించాలి.

నివారణ

పరుగుకు ముందు 10 నుండి 15 నిమిషాలు శరీరాన్ని వేడి చేయాలి. నెమ్మది పరుగు, మోకాళ్ళు ఎత్తడం, కాళ్ళు ఊపడం, క్రమంగా వేగం పెంచే చిన్న పరుగులు ఇందుకు తగినవి. చలికాలంలో ఈ సమయాన్ని పెంచి, పరుగు మొదలయ్యే వరకు స్వెటర్ ఉంచుకోవాలి. కదలకుండా నిలబడి సాగదీసే వ్యాయామం ఒక్కటే బెణుకులను నివారించదు.

తొడ వెనుక కండరాలకు నార్డిక్ వ్యాయామం మేలైనది. మోకాళ్ళపై నిలబడి, మడమలను మరొకరు పట్టుకొనగా, శరీరాన్ని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలడమే ఈ వ్యాయామం. దీనిని క్రమం తప్పక చేసే జట్లలో ఈ గాయాలు సుమారు సగానికి తగ్గినట్లు పరిశోధనల సమీక్షలు తెలుపుతున్నాయి. దీనికి ఏ పరికరమూ అవసరం లేదు. వారానికి ఒకటి రెండు మార్లు, కొద్ది సంఖ్యతో మొదలుపెట్టాలి.

సాధనను నోటిఫికేషన్ వెలువడిన తరువాత కాక నెలల ముందే మొదలుపెట్టి, దూరాన్ని, వేగాన్ని కొద్ది కొద్దిగా పెంచాలి. వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, చాలినంత నిద్ర, నీరు, మాంసకృత్తులు గల ఆహారం అవసరం. ఎండాకాలంలో సాధనను ఉదయం త్వరగా ముగించాలి.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

కాలు మోపలేకపోవడం, కండరంలో గుంట కనబడడం, పాదం తిమ్మిరెక్కడం లేదా చల్లబడడం, క్షణక్షణానికి పెరిగే నొప్పి, బిగువు ఉంటే వెంటనే వైద్యశాలకు వెళ్ళాలి. తీవ్ర వ్యాయామం తరువాత మూత్రం ముదురు రంగులో రావడం కండరాలు కరిగి మూత్రపిండాలకు ముప్పు కలుగుతున్నదనడానికి సూచన కావచ్చు. దెబ్బ తగలకుండానే పిక్క వాచి నొప్పి పుడితే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, దానిని మర్దన చేయరాదు.

ఇవి కూడా చూడండి

కండరం
ఫిజియోథెరపీ
వడదెబ్బ
ప్రథమ చికిత్స