బాల నేరస్థుల పునరావాసంలో సహవాస ప్రభావం

నేరం చేసి చట్టం ముందుకు వచ్చిన 18 ఏళ్లలోపు పిల్లలు మళ్లీ దారిన పడటంలో ఈడు జట్టుకు ఉన్న పాత్రే ఈ వ్యాసం అంశం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్నది తెలుగువారి సామెత. నేరం పుట్టుకతో రాదు, దగ్గరివాళ్ల వద్ద నేర్చుకునేదేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లో దాదాపు ఇదే మాటను సిద్ధాంతం చేశాడు.

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన మన బాల న్యాయ చట్టం కూడా సావాస దోషాన్ని నమ్ముతుంది. పిల్లలకు బెయిలు ఇవ్వడమే దాని నియమం. అయితే బయటికి వెళ్తే పేరుపడ్డ నేరస్థులతో కలుస్తాడనిపిస్తే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిలు నిరాకరించవచ్చు. ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో ఇవ్వాల్సిన సామాజిక నివేదికలో దోస్తుల గురించి వేరే గడులున్నాయి: చదువుకున్నవాళ్లా, వయసులో పెద్దవాళ్లా, మత్తుకు అలవాటుపడ్డవాళ్లా, నేర చరిత్ర ఉందా. నడిగూడెం లాంటి పల్లెలోని ఒక కుర్రవాడి విషయంలో ఈ గడులు నింపాలంటే బడికీ ఇంటికీ వెళ్లి, సాయంత్రాలు అతను కూర్చునే చోటు కూడా చూసి రావాలి. ఆఫీసులో కూర్చుని టిక్కు పెడితే అది నివేదిక అనిపించుకోదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక జట్టు నుంచి తప్పించిన పిల్లవాణ్ని ప్రభుత్వమే మరో జట్టులో చేరుస్తుంది. విచారణ సాగినన్నాళ్లు అబ్జర్వేషన్ హోమ్, తప్పు రుజువైతే గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్. వయసును, నేర తీవ్రతను బట్టి పిల్లల్ని వేరుగా ఉంచాలని చట్టం చెప్పింది ఇందుకే. ఫ్లోరిడాలో 169 సంస్థల్లోని 8,000 మందికి పైగా బాలలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. హోముకు పోతే లేని విద్యలన్నీ నేర్చుకొస్తారని జనం అనుకుంటారు గానీ, అక్కడ తేలింది కాస్త వేరు: ముందే చేసిన నేరానికే, అదే పని చేసినవాళ్ల మధ్య పదును పెరుగుతోంది. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ పథకం ఇంకా చేదు పాఠం. బాగుపడాలని ఒకటికి రెండుసార్లు వేసవి శిబిరాలకు పంపిన పిల్లలే పెద్దయ్యాక ఎక్కువగా దెబ్బతిన్నారు.

అదే జట్టును మందుగానూ వాడారు. 1950లో న్యూజెర్సీలోని హైఫీల్డ్స్ అనే బాల నేరస్థుల కేంద్రంలో కుర్రాళ్లు కలిసి కూర్చుని ఒకరి తప్పును ఒకరు నిలదీసేవారు. పెద్దవాడొకడు పక్కనే ఉండేవాడు. ఆ పెద్దవాడు లేకపోతే ఆ కూడిక మళ్లీ ముఠాయే. మన చట్టంలోనూ బోర్డు సామూహిక కౌన్సెలింగ్‌కు ఆదేశించవచ్చు. 2016 నాటి కేంద్ర నమూనా నియమాల ప్రకారం ప్రతి హోములో పిల్లలే సభ్యులుగా, వయసులవారీగా కమిటీలుండాలి. రోజువారీ క్రమం, తిండి పట్టిక మొదలు తోటివాళ్లు పెట్టే హింసపై ఫిర్యాదు దాకా ఆ కమిటీల పనే.

తిరిగి ఊరు చేరడం వేరే ఘట్టం. బాలుడి పేరు ప్రచురించకూడదని, పాత కేసు అతని ముందరి బతుకుకు అడ్డు కాకూడదని చట్టం అంటుంది. నడిగూడెం లాంటి చోట పేరు అచ్చువేయనక్కర్లేదు, అందరికీ తెలుసు. కబడ్డీ ఆడేవాళ్లు చేర్చుకోవడానికి జంకుతుండగానే పాత దోస్తు బండి తెచ్చి ఇంటి ముందు ఆపుతాడు.