కోర్టు వేరు, కచీరు వేరు: మన న్యాయశాఖ కథ

ఈ రోజు కథ మా నార్కట్‌పల్లి ఇంటి అరుగు మీద మొదలైంది.

మా తాత తాసీల్ ఆఫీసును ‘కచీరు’ అంటుండె. నల్గొండ కోర్టును కూడా ‘కచీరు’ అనే అంటుండె. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. హిస్టరీ చదివాక తెలిసింది, తాత మాట వెనక పెద్ద కథే ఉందని.

1853లో మొదటి సాలార్‌జంగ్ హైదరాబాద్ దివాన్ అయ్యాడు. 1860ల్లో పాలనను శాఖలుగా విడగొట్టి, ఒక్కో శాఖకు ‘సదర్-ఉల్-మహామ్’ అనే మంత్రిని పెట్టాడు. రెవెన్యూ, పోలీసు, ఇతర వ్యవహారాలు, వాటితో పాటు న్యాయం. మన దగ్గర న్యాయశాఖకు మొదటి రూపం ఇదే అనుకోవచ్చు.

కానీ జిల్లాల్లో ఒక బగ్ మిగిలిపోయింది. శిస్తు వసూలు చేసే అధికారి చేతిలోనే కేసులు విచారించే అధికారం కూడా ఉండేది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినోడే టెస్టింగ్ చేసి పాస్ చేసుకున్నట్టు. శిస్తు ఎక్కువ వేశారని ఎవరి మీద ఫిర్యాదు చేయాలో, ఆయన ముందే నిలబడాలి. మరి జనం రెండింటినీ ‘కచీరు’ అనక ఏమంటారు?

1920లో మూసీ ఒడ్డున హైకోర్టు భవనం తెరిచారు. 1921లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోర్టులను రెవెన్యూ నుంచి విడదీశాడు. దేశమంతటికీ ఇదే పద్ధతి పక్కాగా అమలైంది ఎప్పుడో తెలుసా? 1974 ఏప్రిల్ 1న, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో. అంటే 50 ఏళ్లకు పైగా ముందున్నాం!

ఆగండి, చప్పట్లు అప్పుడే వద్దు. రాజ్యంలో దాదాపు 40 శాతం భూమి జాగీర్లు, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ కిందే ఉండేది. పెద్ద జాగీర్లకు సొంత కోర్టులు, సొంత పోలీసులు. మిగతా ఊళ్లల్ల దొర గడీలో చెప్పిందే తీర్పు. పైగా కోర్టు భాష ఉర్దూ. అదే 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది.

చాకలి ఐలమ్మ కథ తెలుసు కదా? పాలకుర్తి అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి గొడవ కోర్టుకు పోతే ఆమే గెలిచింది. కానీ పంట ఇల్లు చేరింది కాగితంతో కాదు, సంఘం వాళ్లు పొలంలో నిలబడితే. కోర్టు ఉండటం వేరు, న్యాయం గడప దాకా రావడం వేరు.

ఇప్పటి సంగతికి వద్దాం. చాలామంది న్యాయశాఖ అంటే తీర్పులు ఇచ్చే శాఖ అనుకుంటారు. కాదు. బిల్లుల ముసాయిదా చూడటం, మిగతా శాఖలకు న్యాయ సలహా ఇవ్వడం, ప్రభుత్వ ప్లీడర్ల నియామకం, కోర్టులకు పోస్టులు, నిధుల మంజూరు దాని పని. మీరు అఫిడవిట్ మీద వేయించుకునే స్టాంపు ఉంది కదా, ఆ నోటరీల నియామకం కూడా ఈ శాఖదే. శాఖ కార్యదర్శిగా సాధారణంగా జడ్జీల నుంచే ఒకరు వస్తారు. కింది కోర్టుల మీద అదుపు మాత్రం రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది. మంత్రి గారు ఫోన్ చేసి తీర్పు మార్పించడానికి రూల్ ఒప్పుకోదు.

కానీ పోస్టులు ఖాళీగా ఉంటే, బిల్డింగ్‌కు పైసలు రాకపోతే, మీ కేసు ఆగుతుంది. అందుకే ఎలక్షన్లప్పుడు రోడ్డు, నీళ్లు అడిగినట్టే కోర్టు గురించి కూడా అడగండి.

ఇంకో మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఆదాయం తక్కువున్న మిగతావాళ్లకూ వర్తిస్తుంది. నంబర్ 15100, ఇప్పుడే సేవ్ చేసుకోండి.

మా తాతకు ఈ నంబర్ తెలియదు. మీ ఇంట్లో తాతకు, అమ్మమ్మకు మీరు చెప్పండి. మీ ఊళ్లో కోర్టును ఏమని పిలుస్తారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా!