డబ్బాలోంచి బయటికొచ్చిన గుడ్డు

అమెరికాలో ఉన్న మన పిల్లలు కేక్ మిక్స్ డబ్బాతో కుకీలు చేసి ఫోటోలు పంపుతుంటారు. డబ్బా విప్పడం, రెండు గుడ్లు కొట్టడం, అర కప్పు నూనె పోసి కలపడం, ఉండలు చేసి ఓవెన్లో పెట్టడం. పావుగంట పని. ఇక్కడ బెంగుళూరులో పెద్దవాళ్లేమో "అది ఇంటి వంట ఎలా అవుతుందే, డబ్బా వంట గానీ" అంటున్నారు. ఈ గొడవ మనకు కొత్తేం కాదు. మన ఇంట్లో బిస్కత్తు చరిత్ర అంతా ఈ గొడవే.

పలమనేరు వైపు నుంచి వచ్చి చిక్కపేట పక్కన కాపురం పెట్టిన మనవాళ్లకు బిస్కత్తు అంటే అయ్యంగార్ బేకరీది. చిక్కపేటలో బీబీ బేకరీ 1898లో మొదలైంది. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు రొట్టెలు కాల్చడం నేర్చుకుని పెట్టిన అంగడి అది. తర్వాత ఊరంతా అదే పేరుతో వందల బేకరీలు వచ్చాయి. వాటిలో చాలావాటిలో గుడ్డు వాడరు. ఆ ఒక్క మాట మీదే మన అవ్వలాంటి వాళ్ల ఇళ్లలోకి బెణ్ణె బిస్కెట్టు, ఖారా బిస్కెట్టు రాగలిగాయి. (వెన్న బిస్కత్తు అని మనింట్లో ఎవరూ అనరు. తెలుగు ఎంత బాగా మాట్లాడినా అది బెణ్ణె బిస్కెట్టే.)

అవ్వ ఏ తినుబండారం చూసినా మొదట అడిగేది రుచి గురించి కాదు, "గుడ్డు పడిందా?" అని. దాని వల్ల ఇంట్లో పిండి కలిపినా చిక్కే. అప్పట్లో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. మైదా, చక్కెర పొడి, నెయ్యి కలిపి నాన్‌ఖటాయి ఉండలు చేసి, రేకు పళ్లెంలో పేర్చి, మధ్యాహ్నం పొయ్యి ఖాళీగా ఉన్న వేళ బేకరీకి పట్టుకెళ్లేవాళ్లు. ఎవరి పళ్లెమో తెలియాలని ఉండల మీద చెంచాతో గుర్తు నొక్కేవాళ్లు. కూలి ఇచ్చి కాల్పించుకు వస్తే పిల్లలు ఎగబడి తినేవాళ్లు. అవ్వ మాత్రం ముట్టేది కాదు. పిండి మనదే, నెయ్యి మనదే, కానీ ఆ పొయ్యిలో అంతకు ముందు గుడ్డు కేకులు కాలాయి కదా! చేసిన చేతులే తినలేని వంట అది. మా లెక్కలో ఆ నాన్‌ఖటాయి కూడా సగమే ఇంటి వంట.

ఇక డబ్బా సంగతి. అది పుట్టింది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో. పి. డఫ్ అండ్ సన్స్ అనే కంపెనీ మొలాసిస్ వ్యాపారం చేసేది. చెరుకు నుంచి చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిపాకమే మొలాసిస్. ఆ పాకాన్ని పిండితో కలిపి ఎండబెట్టి పొడి చేసే పద్ధతికి జాన్ డఫ్ 1930లో పేటెంటు అడిగాడు, 1933లో వచ్చింది. ఆ పొడిలో గుడ్డు కూడా ఎండబెట్టి కలిపేశారు. నీళ్లు పోసి కాలిస్తే అల్లం రొట్టె తయారు. రెండేళ్లకే, 1935లో, డఫ్ ఇంకో పేటెంటు తీసుకున్నాడు. ఈసారి ఎండు గుడ్డు తీసేసి, గుడ్డు ఇల్లాలే కొట్టి వేసుకోవాలన్నాడు. ఆడవాళ్లకు తాజా గుడ్డు వేసుకోవడమే ఇష్టమని ఆయన లెక్క.

మామూలుగా చెప్పుకునే కథ వేరే. 1950లలో ఎర్నెస్ట్ డిక్టర్ అనే మనస్తత్వ నిపుణుడు, ఉత్త నీళ్లు పోసి కేకు చేస్తే ఇల్లాళ్లకు తప్పు చేసినట్టు అనిపిస్తోందని చెప్పాడనీ, అందుకే కంపెనీలు గుడ్డు పనిని వాళ్లకు వదిలాయనీ అంటారు. వినడానికి బాగుంటుంది గానీ కాలం కుదరదు. డఫ్ ఆ పని పదిహేనేళ్ల ముందే చేశాడు. పైగా తాజా గుడ్డుతో కేకు నిజంగానే బాగా వస్తుంది. ఎండు గుడ్డు వాసన నోటికి తెలుస్తుంది. వంట చేసేవాళ్లకు తెలిసిన ఈ చిన్న సంగతిని వదిలేసి ఆడవాళ్ల అపరాధ భావన దాకా పోవడం ఎందుకో!

అదెలా ఉన్నా, గుడ్డు డబ్బాలోంచి బయటికి రావడం మనలాంటి ఇళ్లకు పెద్ద సంగతి. పొడిలో కలిసిపోయిన గుడ్డును ఎవరూ ఏరి పారెయ్యలేరు. విడిగా వేసుకోవాల్సిన గుడ్డును వేసుకోకుండా ఉండొచ్చు.

డబ్బా వంట మన ఇంటికి మాత్రం కేకుతో రాలేదు. 1924లో మొదలైన మన ఊరి ఎంటీఆర్ వాళ్లు, 1975లో ఎమర్జెన్సీ వచ్చి హోటళ్ల ధరలు బలవంతంగా తగ్గించినప్పుడు, నష్టాలు తట్టుకోలేక పొడుల వ్యాపారం వైపు మళ్లారు. రవ్వ ఇడ్లీ పొట్లం, గులాబ్ జామున్ పొట్లం అలా అలవాటయ్యాయి. పండక్కి పొట్లం జామున్ చేసి "ఇంట్లో చేశాం" అని వీధంతా పంచినవాళ్లమే మనం. ఇప్పుడు పిల్లల కుకీ దగ్గర మాత్రం డబ్బా అని మూతి విరుస్తామా?

తర్వాత గుడ్డు లేని కేక్ మిక్స్ కూడా అంగళ్లలోకి వచ్చింది. 2001లో ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క రూలు వచ్చింది కదా, ఇంగ్లీషు చదవలేని అవ్వకు ఆ చుక్క బాగా చదవొచ్చింది. డబ్బాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అన్ని వైపులా తిప్పి చూసి, చుక్క కనపడ్డాకే "సరే, కలపండి" అనేది. కేకు ఆమెకు పెద్దగా నచ్చలేదు, మెత్తగా పళ్లకు అంటుకుంటుందని. అదే పొడితో చేసిన బిస్కత్తు నచ్చింది. కాఫీలో ముంచుకు తినొచ్చు కదా.

కేకు పొడి బిస్కత్తు ఎలా అవుతుందంటే, అంతా తడిలోనే ఉంది. కేకుకు పిండి జారుగా ఉండాలి. ఆ తడికి మైదా ఉడికి స్పంజిలా పొంగుతుంది. నీళ్లు మానేసి కొవ్వు మాత్రం వేస్తే మైదా పూర్తిగా ఉడకదు, చక్కెర పూర్తిగా కరగదు. పిండి పక్కలకు పరుచుకుని అంచులు గట్టిపడతాయి. పొంగించే పొడి కేకుకు సరిపడా ఉంటుంది కాబట్టి పైన పగుళ్లు వస్తాయి. అవి రావాలి కూడా.

మనింటి లెక్క ఇది. గుడ్డు లేని మిక్స్ పావుకిలోకు మెత్తబడ్డ వెన్న 60 గ్రాములు, పాలు రెండు మూడు చెంచాలు. పాలు ఒకేసారి పోయకండి, ముద్ద చేతికి అంటకుండా రాగానే ఆపండి. నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, కాస్త నొక్కి, దూరం దూరంగా పెట్టాలి. ఓవెన్ ఉంటే 175 డిగ్రీల్లో 10 నుంచి 12 నిమిషాలు. లేకపోతే పాత దళసరి గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, సన్నసెగ మీద ఇరవై నిమిషాల దాకా చూడాలి. దించగానే మెత్తగా ఉంటాయి, ఉడకలేదనుకుని మళ్లీ పెట్టొద్దు. పళ్లెంలోనే చల్లారితే గట్టిపడతాయి.

ఆ ఇసుక గిన్నె ఇంకా మల్లేశ్వరం ఇంట్లో అటక మీద ఉంది. కావలసినవాళ్లు తీసుకెళ్లొచ్చు, కానీ అందులో గుడ్డుది ఏదీ కాల్చకండి.